ఆ ఇరవై మంది టైపిస్టుల గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో రెండో ప్రపంచయుద్ధంలో రహస్య సందేశాల గుట్టు విప్పినవాళ్ల మీద పేజీ నిండా వ్యాసం వేశారు. సంతోషం. తెలుగు పేపర్లలో ఇలాంటివి వచ్చేదే తక్కువ, అందుకే కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మొత్తం చదివాను. చదివాక మాత్రం ఊరుకోలేకపోయాను. మీ వ్యాసం ప్రకారం అలన్ ట్యూరింగ్ అనే లెక్కల మేధావి ఒక్కడే ఇంగ్లండులో ఒక గదిలో కూర్చుని, కలోసస్ అనే మిషన్ తయారుచేసి, జర్మనీవాళ్లు రహస్య సందేశాలకు వాడే ఎనిగ్మా యంత్రాన్ని ఛేదించి, యుద్ధాన్ని రెండేళ్లు ముందే ముగించేశాడు. ఈ ఒక్క వాక్యంలోనే మూడు తప్పులున్నాయి సార్. వాటికన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. అసలు ఆ సందేశాలు ఆ గదిలోకి ఎలా వచ్చాయో మీ పేజీలో ఎక్కడా లేదు. ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు రాశారు. నిజానికి ఆకాశంలోంచే వచ్చాయనుకోండి, కానీ వాటిని పట్టి కాగితం మీద పెట్టినవాళ్లు కొన్ని వేలమంది ఉన్నారు కదా.

నేనెవరినో చెప్పుకోవాలి. మాది కాకినాడ, నాన్నగారి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బెంగళూరు వచ్చేశాం. 1974లో ఇక్కడే తంతి ఆఫీసులో టెలిగ్రాఫిస్టుగా చేరి 2012లో దిగిపోయాను. మరుసటి ఏడు జూలైలో దేశమంతా టెలిగ్రాం సర్వీసే ఎత్తేశారు. నువ్వు లేక నడపలేకపోయార్లే అని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. చేరిన కొత్తలో మోర్స్ కీ మీద కొట్టాను, తర్వాత టెలిప్రింటర్, అంటే ఇక్కడ టైపు చేస్తే అవతలి ఊళ్లో అచ్చయ్యే మిషన్, చివర్లో కంప్యూటర్. కాబట్టి నాకు పెద్ద లెక్కలు రాకపోవచ్చు గానీ, చెవిలో పడే టకటకను అక్షరంగా కాగితం మీదికి దించడమంటే ఏమిటో తెలుసు.

ముందు ఒక చిన్న సంగతి. మీరు కోడ్ అనీ సైఫర్ అనీ రెండు మాటలూ ఒకే అర్థంలో వాడేశారు. రెండూ వేరు. చిన్నప్పుడు పెద్దవాళ్లకు తెలియకూడదని క-భాష మాట్లాడుకునేవాళ్లం కదా, ప్రతి అక్షరానికి ముందు "క" తగిలించి, "నువ్వు రా" అనడానికి "కను కవ్వు కరా" అని. మాట అదే, అక్షరాలతో ఒక ఆట ఆడాం. అది సైఫర్ జాతి. కోడ్ అంటే పుస్తకం. మా టెలిగ్రాంలలో శుభాకాంక్షలకు నంబర్లు ఉండేవి, మీలో కొందరికైనా గుర్తుండాలి. పెళ్లికి ఒక నంబరు, దీపావళికి ఒకటి, పరీక్ష పాసైతే ఒకటి, బిడ్డ పుడితే ఒకటి. జనం నంబరు మాత్రం ఇచ్చి డబ్బులు ఆదా చేసుకునేవాళ్లు, అవతలి ఊళ్లో గుమాస్తా పట్టిక చూసి పూర్తి వాక్యం రాసి పంపేవాడు. పట్టిక లేనివాడికి అది ఉత్త అంకె. అదీ కోడ్ అంటే. ఒకసారి నైట్ డ్యూటీలో నిద్రమత్తులో ఆ అంకె తప్పు విని, పెళ్లివారింటికి బిడ్డ పుట్టినందుకు అభినందనలు పంపించాను నేను. మెమో ఇచ్చారు, అది సరే. మర్నాడు పెళ్లికూతురి తండ్రి ఆ కాగితం పట్టుకుని కౌంటర్ ముందు నోరు మెదపకుండా నిలబడ్డారు చూడండి, నలభై ఏళ్లు దాటినా మర్చిపోలేదు.

యుద్ధంలో జపాన్ సైన్యం వాడినవి ఎక్కువగా ఈ పుస్తకం రకమే. మాటకో అంకె, ఆ అంకెకు మళ్లీ ఇంకో పుస్తకంలోంచి తీసిన అంకె కలిపి పంపేవాళ్లు, అంటే తాళం మీద తాళం. జర్మనీవాళ్ల ఎనిగ్మా సైఫర్ మిషన్. టైపురైటర్ లాంటి పెట్టెలో ఒక అక్షరం నొక్కితే ఇంకో అక్షరం దగ్గర బల్బు వెలుగుతుంది, నొక్కిన ప్రతిసారీ లోపల చక్రం తిరుగుతుంది కాబట్టి అదే అక్షరం మళ్లీ నొక్కితే ఈసారి వేరే బల్బు. ఐదు చక్రాల్లోంచి మూడు ఎంచుకుని, ముందువైపు పది తీగలు తగిలిస్తే, దాన్ని అమర్చగల పద్ధతులు 159 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చేన్ని. అమరిక రోజూ మారిపోతుంది. ఇంత పకడ్బందీ మిషన్‌లో ఒక లొసుగు ఉంది, ఏ అక్షరానికీ అదే అక్షరం రాదు. "ఏ" నొక్కితే "ఏ" ఎన్నటికీ వెలగదు. సందేశంలో ఫలానా మాట ఉండి తీరాలి అని ఊహించగలిగితే, ఉదాహరణకు రోజూ ఒకే తీరున పంపే వాతావరణ సమాచారం, ఆ మాట ఎక్కడ కుదరదో దీనివల్ల తెలిసిపోయేది. అక్కడి నుంచి తీగ లాగేవాళ్లు.

ఇప్పుడు ఆ మూడు తప్పులు. ఎనిగ్మాను మొదట ఛేదించింది ట్యూరింగ్ కాదు, పోలండ్ గణితజ్ఞులు. మరియన్ రెయెఫ్‌స్కీ 1932 డిసెంబరులోనే దాని లోపలి తీగల అమరికను లెక్క కట్టి బయటపెట్టాడు, జిగాల్‌స్కీ, రుజిట్‌స్కీ అనే ఇద్దరు ఆయనతోపాటు పనిచేశారు. 1939 జూలైలో, యుద్ధం ఇంకో ఐదారు వారాల్లో మొదలవుతుందనగా, వార్సా దగ్గర అడవిలో ఇంగ్లండువాళ్లనీ ఫ్రాన్సువాళ్లనీ కూర్చోబెట్టి తమకు తెలిసిందంతా చెప్పేశారు. ట్యూరింగ్ ఆ పునాది మీద కట్టాడు, చాలా గొప్పగా కట్టాడు, ఎనిగ్మా ఆ రోజు అమరికను వెతకడానికి ఆయన రూపొందించిన బాంబ్ అనే మిషన్‌ను గోర్డన్ వెల్చ్‌మన్ ఇంకా మెరుగుపరిచాడు. ట్యూరింగ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. స్వలింగ సంపర్కుడని శిక్ష వేసి ఆయన్ను సొంత దేశమే ఎంత ఘోరంగా చూసిందో, 2013లో గానీ క్షమాపత్రం ఇవ్వలేదో అందరికీ తెలుసు. కానీ ఆ రెయెఫ్‌స్కీ యుద్ధం తర్వాత సొంత దేశంలో ఫ్యాక్టరీ లెక్కలు రాసుకుంటూ బతికాడు సార్, ఆయనకు మీ పేజీలో ఒక్క లైను కూడా దక్కలేదు.

రెండు సంవత్సరాల లెక్క కూడా కొలబద్ద పెట్టి కొలిచింది కాదు. ఇంగ్లండులో ఈ సందేశాలు విప్పే పని జరిగిన బ్లెచ్లీ పార్క్‌లోనే పనిచేసి తర్వాత చరిత్రకారుడైన హ్యారీ హిన్‌స్లీ వేసిన అంచనా అది. అంచనా అని రాస్తే సరిపోయేది.

ఇక కలోసస్. ఇక్కడ నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, ఎందుకంటే అది మా డిపార్టుమెంటు మనిషి చేసిన పని. కలోసస్‌కీ ఎనిగ్మాకీ సంబంధం లేదు. హిట్లర్ పెద్ద సేనానులకు పంపే సందేశాలు ఎనిగ్మాలో కాదు, లోరెంజ్ అనే ఇంకో మిషన్‌లో వెళ్లేవి, టెలిప్రింటర్‌కు తగిలించి వాడే సైఫర్ మిషన్ అది. దాని కథ ఎక్కడ మొదలైందో వినండి, టెలిగ్రాఫిస్టులకు మాత్రమే పూర్తిగా అర్థమయ్యే కథ ఇది. 1941 ఆగస్టు 30న ఏథెన్స్ నుంచి వియన్నాకు ఒక జర్మన్ ఆపరేటర్ సుమారు 4,000 అక్షరాల సందేశం పంపాడు. అవతలివాడికి సరిగా అందలేదు. "మళ్లీ పంపు" అన్నాడు. ఈ మాట నేను ఉద్యోగంలో ఎన్ని వేలసార్లు అన్నానో, ఎన్ని వేలసార్లు పడ్డానో. అంత పొడుగు సందేశం మళ్లీ మొదటి నుంచి కొట్టాలంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. వాడికీ మండింది. మిషన్ అమరిక మార్చకుండా, అంటే రూల్ ప్రకారం ఎన్నడూ చేయకూడని పని చేసి, అదే తాళంతో మళ్లీ కొట్టాడు. పైగా విసుగుతో అక్కడక్కడ మాటలు కుదించాడు, మొదటిసారి "సందేశం నంబరు" అని పూర్తిగా కొట్టినచోట ఈసారి పొట్టిగా కొట్టాడు. ఒకే తాళం, కొంచెం తేడా ఉన్న రెండు సందేశాలు. ఇంగ్లండులో చెవులు రిక్కించుకుని కూర్చున్నవాళ్లు రెండింటినీ పట్టారు. జాన్ టిల్ట్‌మన్ అనే సైనికాధికారి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి విడదీశాడు, బిల్ టట్ అనే కుర్రవాడు దాన్నిబట్టి తన కంటితో ఎన్నడూ చూడని మిషన్‌లో పన్నెండు చక్రాలున్నాయనీ ఏది ఎలా తిరుగుతుందో కాగితం మీద తేల్చేశాడు. నాలాంటి ఒక ఆపరేటర్ చేసిన బద్ధకం అంత పని చేసింది.

ఆ లోరెంజ్‌ను వేగంగా తేల్చడానికి కట్టినది కలోసస్. కట్టిన మనిషి టామీ ఫ్లవర్స్, బ్రిటిష్ తపాలా శాఖ ఇంజినీరు, తాపీపని చేసే ఆయన కొడుకు. మొదటి మిషన్‌లోనే 1,600 దాకా వాల్వులు, అంటే పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాల్లాంటివి. అన్ని వాల్వులు పెడితే గంటకోటి మాడిపోతుందని పెద్దవాళ్లంతా అన్నారు. ఫ్లవర్స్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పనిచేసినవాడు, వాల్వు ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటే పోతుంది గానీ వేసి అలాగే వదిలేస్తే ఏళ్లతరబడి ఉంటుందని ఆయనకు అనుభవం మీద తెలుసు. సొంత డబ్బు కూడా పెట్టాడు. 1944 మొదట్లో అది బ్లెచ్లీలో పని మొదలెట్టింది, యుద్ధం అయ్యేసరికి అలాంటివి పది. అయ్యాక ఎక్కువ భాగం విప్పేశారు. డ్రాయింగులు తన చేత్తోనే పొయ్యిలో వేసి కాల్చాల్సి వచ్చింది ఫ్లవర్స్‌కి. ముప్పై ఏళ్లపాటు ఎవరితోనూ చెప్పుకోవడానికి లేదు. మీరు ఈయన మిషన్‌ను తీసుకెళ్లి ట్యూరింగ్ ఖాతాలో వేశారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మామూలు టెలిగ్రాం రాసుకోవడం తేలిక. "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని వస్తుంటే మధ్యలో రెండక్షరాలు వినబడకపోయినా బుర్ర పూరించేస్తుంది, చేయి రాసేస్తుంది. సైఫర్‌లో ఆ దారి లేదు. ఐదేసి అక్షరాల గుంపులు, దేనికీ అర్థం ఉండదు, గంటలకొద్దీ అవే. ఒక అక్షరం పోతే పోయినట్టే, ఊహించడానికి ఆధారం ఏముంటుంది. దానికి తోడు ఉరుముల చప్పుడు, పక్క స్టేషన్ల గోల, ఒకదాని మీద ఒకటి ఎక్కిన గొంతులు. ఇంగ్లండులో ఈ పనికి వై సర్వీస్ అని పేరు. బోమనార్, చిక్‌శాండ్స్, స్కార్‌బరో లాంటి చోట్ల గదుల నిండా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని, షిఫ్టుల్లో రాత్రీపగలూ విని రాసినవాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్లు నిండీ నిండని ఆడపిల్లలు. రాసిన కాగితాల్ని మోటారు సైకిళ్ల మీద, టెలిప్రింటర్ల మీద బ్లెచ్లీకి పంపేవాళ్లు. ఇది కాక ఇళ్లలో రేడియో సెట్లు పెట్టుకున్న హామ్‌లు వెయ్యిమందికి పైగా, పగలు వాళ్ల వాళ్ల ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్లు జర్మన్ గూఢచారుల సంకేతాలు వినేవాళ్లు.

వాళ్లకు లోపలి సంగతి తెలియకపోయినా పంపేవాడు మాత్రం తెలిసేవాడు. మోర్స్ కొట్టడంలో ఒక్కొక్కడిది ఒక్కో తీరు, గొంతు లాగానే. ఇంగ్లీషులో ఫిస్ట్ అంటారు, పిడికిలి అన్నమాట. నిన్న ఇటలీ వైపు నుంచి వినబడిన చేయి ఇవాళ ఆఫ్రికా వైపు నుంచి వినబడితే ఆ దళం కదిలిందని అర్థం, ఒక్క అక్షరం విప్పకుండానే. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్ల కోసం నా కళ్లముందు జరిగింది చెబుతాను. మా మేనమామ యుద్ధంలో సిగ్నల్స్‌లో వైర్‌లెస్ ఆపరేటర్. 1976లో ఒకసారి బెంగళూరు వచ్చినప్పుడు నన్ను చూడ్డానికి ఆఫీసుకు వచ్చారు. కౌంటర్ బయట నిలబడి, లోపలి నుంచి వినబడే సౌండర్ చప్పుడు ఒక నిమిషం విని, "మద్రాసు వైపున ఉన్నవాడికి చేతికేదో అయిందమ్మా, గీతలు ఈడుస్తున్నాడు" అన్నారు. నేను నవ్వాను. సాయంత్రం లైను ఖాళీగా ఉన్నప్పుడు ఊరికే అడిగితే, పొద్దున తలుపు సందులో బొటనవేలు పడిందని చెప్పాడు ఆ మద్రాసు ఆయన.

ఇంతమంది వినకపోతే, విన్నది టైపు చేసేవాళ్లు లేకపోతే మేధావులు చేయగలిగేది ఏమీ లేదని మేధావులే చెప్పారు. 1941 అక్టోబర్ 21న ట్యూరింగ్, వెల్చ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి పై అధికారులెవరికీ చెప్పకుండా నేరుగా ప్రధాని చర్చిల్‌కు ఉత్తరం రాసి, వాళ్లలో ఒకాయన పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాడు. ఆ ఉత్తరంలో ఏముందనుకుంటున్నారు? కొత్త మిషన్ కావాలనో ఇంకో పదిమంది లెక్కల మాస్టార్లు కావాలనో కాదు. కార్డులకు చిల్లులు పొడిచే విభాగంలో మనుషులు చాలక రాత్రి షిఫ్టు ఆపేశారు, దానివల్ల జర్మన్ నౌకాదళం తాళాలు కనుక్కోవడం రోజూ కనీసం 12 గంటలు ఆలస్యమవుతోంది, ఇరవై మంది ఆడ గుమాస్తాలు కావాలి, వాళ్లకు ముందే పని వచ్చి ఉండాల్సిన అవసరం కూడా లేదు. మధ్యప్రాచ్యం నుంచి వచ్చే సందేశాలు మే నెల నుంచీ విప్పకుండా పేరుకుపోతున్నాయి, ఇరవై మంది టైపిస్టులు కావాలి. ఇదీ గోల. సముద్రంలో ఓడలు మునుగుతుంటే ఇక్కడ టైపిస్టులు లేక పని ఆగింది! చర్చిల్ "ఈరోజే పని జరగాలి" అని చీటీ అంటించి పంపాడు, వాళ్లకు కావలసినవి వచ్చాయి. బ్లెచ్లీలో చివరికి తొమ్మిది పదివేల మంది పనిచేశారు, నాలుగింట మూడు వంతులు ఆడవాళ్లే. మీ పేజీలో ఆడమనిషి ఫొటో ఒక్కటి ఉంది, టీ కప్పు పట్టుకుని.

ఇంకో విషయం, ఇది బెంగళూరు ఎడిషన్ కాబట్టి మరీ అడుగుతున్నాను. మీ వ్యాసమంతా ఇంగ్లండులోనే తిరిగింది. బ్లెచ్లీకి మన దేశంలో శాఖ ఉండేదని మీ రచయితకు తెలుసా? ఢిల్లీ ఆనంద్ పర్వత్ మీద రామ్‌జస్ కాలేజీ భవనాల్లో వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్ అని పెట్టారు. పేరు వింటే ఏదో ప్రయోగశాల అనిపిస్తుంది, పని మాత్రం జపాన్ సందేశాలు వినడం, విప్పడం. దానికి కింద రెండు కేంద్రాలు, ఒకటి కలకత్తా దగ్గర బారక్‌పూర్‌లో, రెండోది మన బెంగళూరులో. అవును, మీ ఆఫీసున్న ఊళ్లోనే. జపాన్ మోర్స్ మామూలు మోర్స్ కాదు, వాళ్ల లిపిలోని కన అనే అక్షరాలకు వేరే చుక్కలూ గీతలూ ఉన్నాయి, ఇంగ్లీషు దానికన్నా దాదాపు రెట్టింపు గుర్తులు, అవన్నీ కొత్తగా నేర్చుకోవాలి. జపాన్ భాష వచ్చినవాళ్లు దొరక్క, టిల్ట్‌మన్ ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో 1942 ఫిబ్రవరిలో ఆరు నెలల కోర్సు మొదలెట్టించాడు. లాటిన్, గ్రీకు చదువుకునే కాలేజీ కుర్రాళ్లను పట్టుకొచ్చి కూర్చోబెట్టారు, అంత తక్కువ టైములో కుదరదని పండితులు తేల్చి చెప్పినా కుదిరింది, వాళ్లలో కొందరు ఢిల్లీకే వచ్చారు. 1943లో జపాన్ సైన్యం తన ఓడల రాకపోకలకు వాడే కోడ్‌ను ఢిల్లీలో విల్‌ఫ్రెడ్ నాయిస్, మారిస్ అలెన్ అనే ఇద్దరు విప్పారు. ఇంచుమించు అదే సమయంలో అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ కూడా దాన్ని విప్పారు. జపాన్ పైస్థాయి సైనిక కోడ్‌లలో మొదట లొంగింది అదే. ఏ ఓడ ఏ రేవు నుంచి ఎప్పుడు బయల్దేరుతుందో తెలిస్తే ఇక చెప్పేదేముంది. నాయిస్ కొండలెక్కే మనిషి కూడా, 1953లో టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కిన జట్టులో ఉన్నాడు.

మా మామయ్య కథ ఇక్కడే ముడిపడుతుంది. 1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. కొలంబోలో అప్పుడు సింగపూర్ నుంచి తప్పించుకొచ్చిన కోడ్ విప్పేవాళ్లు ఉన్నారు, దాడి రాబోతోందని వాళ్లు ముందే చెప్పారు, కానీ తేదీ అటూఇటూ అయి, కాచుకుని ఉన్న నౌకాదళం ఇంధనం కోసం వెనక్కి మళ్లిన తర్వాత దాడి జరిగింది. మర్నాడు, ఏప్రిల్ 6న, రియూజో అనే ఓడ మీది విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మామయ్యకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. అమ్మమ్మ వాళ్లు బండి కట్టుకుని పల్లెకు వెళ్లిపోయారట. అదే నెలలో మద్రాసులో ఇంకో వేడుక, జపాన్ సైన్యం దిగబోతోందన్న సమాచారం నమ్మి ప్రభుత్వ ఆఫీసులు లోపలి ఊళ్లకు తరలించారు, జనం ఊరు ఖాళీ చేశారు, తప్పించుకుంటే ప్రమాదమని జూలో పులులనూ సింహాలనూ కాల్చేశారు. ఏ సైన్యమూ దిగలేదు. వినడంలో పొరపాటు జరిగితే ఏమవుతుందో చెప్పడానికి నా పెళ్లి టెలిగ్రాం కన్నా ఇది పెద్ద ఉదాహరణ.

మరుసటి ఏడు మామయ్య సైన్యంలో చేరి బర్మా వైపు వెళ్లారు. యుద్ధంలో ఏం చేశావు మామయ్యా అని నేను అడిగితే ఆయన చెప్పేది ఒకటే: "వినడం, రాసుకోవడం. రాసిందేమిటో మాకు తెలీదమ్మా." దాచిపెడుతున్నారని చాలాకాలం అనుకున్నాను. నేను ఉద్యోగంలో చేరాక అర్థమైంది, అది అక్షరాలా నిజం. సైఫర్ గుమాస్తా వేరు, ఆపరేటర్ వేరు. గుంపులు గుంపులుగా అక్షరాలు చేతిలోంచి వెళ్లిపోతాయి, వాటివల్ల ఎవరు బతికారో ఎవరు పోయారో రాసినవాడికి తెలియదు. పోయేముందు ఆయన దగ్గర మిగిలింది ఒక డిశ్చార్జి కాగితం, రెండు మెడల్స్, ఎడమచెవిలో ఎప్పుడూ ఉండే ఒక హోరు.

వైర్‌లెస్‌తో అబద్ధం కూడా ఆడొచ్చు, అది మన విశాఖలోనే జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తరఫున రహస్యంగా వైర్‌లెస్ నడిపిన టిప్పు సుల్తాన్ వంశపు పిల్ల నూర్ ఇనాయత్ ఖాన్‌ను పారిస్‌లో పట్టుకున్నాక, ఆమె దాచిన సందేశాల పుస్తకం చూసి జర్మన్లు ఆమె పేరుతోనే లండన్‌కు సందేశాలు పంపారు, అది విషాదం. 1971లో మనవాళ్లు చేసింది అలాంటిదే, వాటం మాత్రం మనది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం బంగాళాఖాతంలో వెతుకుతోంది. విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, తూర్పు నౌకాదళం అధిపతి కృష్ణన్ పాత ఓడ రాజ్‌పుత్‌ను విశాఖ దగ్గర ఉంచి, అదే విక్రాంత్ అన్నట్టు జోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. వాటిలో ఒకటి కావాలనే రహస్య లిపిలో కాకుండా మామూలుగా పంపారు, విక్రాంత్ మీది నావికుడు జబ్బుపడిన తన తల్లి ఎలా ఉందో అడుగుతున్నట్టు. శత్రువు వినాలనే. మదర్ సీరియస్ టెలిగ్రాం సార్! ఘాజీ విశాఖ ముందుకే వచ్చి డిసెంబర్ మొదటి వారంలో తొంభై మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. మన రాజ్‌పుత్ వదిలిన పేలుడు పదార్థాల వల్లనా, దాని లోపలే ఏదో పేలిందా అని ఇప్పటికీ రెండు దేశాలూ రెండు రకాలుగా చెబుతాయి. అది అక్కడికి రావడానికి కారణం మాత్రం ఆ తల్లి జబ్బు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. కలోసస్ సంగతీ పోలండ్‌వాళ్ల సంగతీ సవరణ వేయండి, మూలన చిన్న అక్షరాల్లో అయినా సరే. మీ బెంగళూరు విలేకరులలో ఒకరిని పంపి యుద్ధకాలంలో ఇక్కడ ఉన్న ఆ వినే కేంద్రం గురించి రాయించండి. కంటోన్మెంటు వైపు పాత కుటుంబాలు, సిగ్నల్స్‌లో పనిచేసి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి, తాతగారి ట్రంకుపెట్టెలో పే బుక్కో ఫొటోనో ఉన్నవాళ్లు మీకు రాయమని ఒక ప్రకటన వేస్తే చాలు, వస్తాయి. అప్పటి మనుషులు దాదాపు అందరూ పోయారు, వాళ్ల పిల్లలే డెబ్బైల్లో ఉన్నారు, కాబట్టి వచ్చే ఏడు చూద్దాం అనకండి.

చివరగా ఆ ఫొటో. ఎనిగ్మా యంత్రం అని కింద రాసి పెద్దగా వేశారు కదా, అది ఎనిగ్మా కాదు. మా ఆఫీసులో ఉండే రకం టెలిప్రింటర్. ఆ కుడివైపు కనబడే మీట ఊరికే ఇరుక్కుపోయేది, నేను పదేళ్లు దాంతో కుస్తీ పట్టాను, పొరబడే ప్రశ్నే లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెలిగ్రాఫిస్టు
మల్లేశ్వరం, బెంగళూరు